పాత ఇంజనుకు చిక్కటి ఆయిలు మందు కాదు

‘ఇంజను పాతబడిందయ్యా, ఈసారి కాస్త చిక్కటి ఆయిలు పొయ్యి. పొగ తగ్గుద్ది, చప్పుడు తగ్గుద్ది.’ తుళ్లూరులో గానీ, పెదపరిమిలో గానీ, తాడికొండ రోడ్డు మీద గానీ పాత ట్రాక్టరో, ఆయిలింజనో ఉన్న రైతు ఎప్పుడో ఒకప్పుడు ఈ సలహా విన్నవాడే. 40 గ్రేడు పోసేవాళ్లు 50కి వెళ్తారు. అదీ చాలకపోతే మూలన ఉన్న 90 గేరాయిలు ఒక లీటరు కలుపుతారు. నిజమే, నాలుగు రోజులు పొగ తగ్గుతుంది. చప్పుడూ తగ్గుతుంది. మనం మోసపోయేది అక్కడే.

రైతు సోదరులారా, ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్కటే. చిక్కటి ఆయిలు అరిగిన ఇంజనును బాగుచెయ్యదు. అరుగుదల మీ కంటికి, చెవికి తెలియకుండా చేస్తుంది. ఆ ముసుగులో ఇంజను ఇంకా అరుగుతుంది. మన ఎండలకు, మన దగ్గరున్న చాలా పాత డీజిలు ఇంజన్లకు 40 గ్రేడు సరిపోతుంది. దాన్ని వేళకు మార్చుకుంటూ, దుమ్ము లోపలికి పోకుండా చూసుకుంటే గ్రేడు పెంచే అవసరం రావడం అరుదు.

ఎవరికి ఈ బాధ?

కొత్త ట్రాక్టరు కొన్నవాళ్లకు ఈ బాధ లేదు. పుస్తకం ఉంటుంది, కంపెనీ సర్వీసు ఉంటుంది. రెండెకరాలు, మూడెకరాలు చేసుకునే రైతు దగ్గర ఉండేవి చేతులు మారిన బండ్లే. పాత మాస్సీ 1035, మహీంద్రా బి-275, స్వరాజ్ 735, హెచ్.ఎం.టి. బండ్లు ఇంకా దుక్కి దున్నుతున్నాయి. కాలువ గట్టున, వాగు పక్కన 5 హెచ్.పి. కిర్లోస్కర్ ఇంజన్లు, నిదానంగా ‘టక్ టక్’ మని తిరిగే లిస్టరు రకం ఇంజన్లు ఇంకా నీళ్లు తోడుతున్నాయి. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసెయ్యాలని కేంద్రం 2016లో నిర్ణయించింది. కంపెనీ పోయినా బండి పొలంలోనే ఉంది. పుస్తకం ఎప్పుడో పోయింది. ఇక సలహా చెప్పేది ఎవరు? ఆయిలు అమ్మే కొట్టాయన, పక్కింటి డ్రైవరు.

తుళ్లూరు సంగతి ఇంకొంచెం వేరు. 2015లో రాజధాని కోసం ఈ చుట్టుపక్కల గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణ కింద వెళ్లింది. పొలం వెళ్లి ట్రాక్టరు మిగిలినవాళ్లు కొందరు దాన్ని అమ్మారు, కొందరు పక్క మండలాలకు కిరాయికి తిప్పుతున్నారు. సొంత పొలం దున్నుకునే బండి ఏడాదికి తిరిగే గంటలు వేరు, కిరాయి బండి తిరిగే గంటలు వేరు. ఎక్కువ తిరిగే బండికి ఆయిలు తప్పు మరింత తొందరగా బయటపడుతుంది. ఖరీఫ్ మధ్యలో ఇంజను కూర్చుంటే పోయేది బోరింగు ఖర్చు ఒక్కటే కాదు. అదునూ పోతుంది. పత్తి చేలో గుంటక తోలే పదును, మిరపకు నీళ్లు పెట్టే వేళ మన కోసం ఆగవు.

డబ్బా మీద అంకెలు

డబ్బా మీద ‘ఎస్.ఎ.ఇ.’ అని ఉంటుంది. అమెరికాలో 1905లో పుట్టిన ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం పేరు అది. ఆయిలు చిక్కదనానికి ఈ సంఘం 1911 నుంచి అంకెలు ఇస్తోంది. ఆ అంకె చెప్పేది చిక్కదనం ఒక్కటే. నాణ్యత కాదు. 50 అంటే 40 కంటే ‘మంచి’ ఆయిలని చాలామంది అనుకుంటారు. అలాంటిదేమీ లేదు.

20డబ్ల్యు-40 అని రాసి ఉంటే అందులో రెండు మాటలున్నాయి. ‘డబ్ల్యు’ అంటే వింటరు, అంటే చలికాలం. మొదటి అంకె ఎంత చిన్నదైతే చల్లగా ఉన్నప్పుడు అంత తేలిగ్గా పారుతుంది. 20డబ్ల్యుకి సున్నా కింద 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యుకి సున్నా కింద 20 డిగ్రీల దగ్గర పరీక్ష పెడతారు. మనకు అంత చలి ఎక్కడిది? కాబట్టి 15 దొరికినా, 20 దొరికినా గుంటూరు జిల్లాలో పెద్ద తేడా లేదు. 15డబ్ల్యు-40 పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు కాస్త ముందుగా పైదాకా చేరుతుంది, అంతే. ఒకే అంకె ఉండే ‘మోనో 40’ పాత ఇంజన్లకు తప్పు కాదు గానీ, చల్లారిన ఇంజనులో అది మిగతా రెండింటి కంటే చిక్కగా ఉంటుంది.

రెండో అంకె అసలైనది. అది 100 డిగ్రీల వేడిలో, అంటే ఇంజను పనిచేస్తున్నప్పుడు ఆయిలు ఎంత చిక్కగా నిలబడుతుందో చెబుతుంది. సెంటీస్టోక్స్ అనే కొలతలో 30 గ్రేడు 9.3 నుంచి 12.5 వరకు, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 వరకు, 50 గ్రేడు 16.3 నుంచి 21.9 వరకు ఉంటుంది.

‘మే నెలలో 45 డిగ్రీలు కాస్తుంది గదా, 40 పల్చన అయిపోదా?’ అని అడుగుతారు. బయట ఎండ 30 ఉన్నా, 45 ఉన్నా, రేడియేటరు సరిగ్గా పనిచేస్తుంటే పనిలో ఉన్న ఇంజను లోపల ఆయిలు వేడి వంద డిగ్రీలకు అటూ ఇటూగానే ఉంటుంది. ఆ వేడిని దృష్టిలో పెట్టుకునే గ్రేడు కట్టారు. మన వేసవి ఎండ 40 గ్రేడుకు కొత్తేమీ కాదు. వేసవిలో ఇంజను మరీ వేడెక్కుతోందంటే ముందు రేడియేటరు జాలీలో పేరుకున్న దుమ్ము, పత్తి పీచు ఊడ్చండి. ఫ్యాను బెల్టు చూడండి. ఆయిలు జోలికి పోకండి.

చిక్కన చేస్తే లోపల ఏం జరుగుతుంది?

ఆయిలు పని రాపిడి తగ్గించడం ఒక్కటే కాదు. వేడిని మోసుకుపోవాలి, మసిని కడగాలి, బేరింగులకూ రింగులకూ వెంటనే చేరాలి. ఇవన్నీ జరగాలంటే అది పారాలి. ఇంజను ఎక్కువగా అరిగేది పొద్దున స్టార్టు చేసిన మొదటి క్షణాల్లోనే. చిక్కటి ఆయిలు ఆ క్షణాల్లోనే ఆలస్యంగా చేరుతుంది.

‘గేజి ముల్లు పైకి లేచింది గదా’ అంటారు. ముల్లు చూపేది ఒత్తిడి. సన్నటి గొట్టంలో చిక్కటిది నెట్టితే ఒత్తిడి పెరుగుతుంది, పారే ఆయిలు తగ్గుతుంది. తేనెనూ మజ్జిగనూ ఒకే గొట్టంలో పోసి చూస్తే తెలుస్తుంది. ముల్లు లేచినంత మాత్రాన బేరింగుకు ఆయిలు ఎక్కువ అందుతోందని కాదు.

లిస్టరు రకం ఇంజన్ల సంగతి మరీ చూసుకోవాలి. వాటిలో చాలావాటికి ఆయిలు చిమ్మడమే ఆధారం. కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉండే గరిటెలాంటి చిన్న ముక్క ఆయిలును కొట్టి పైకి చిమ్ముతుంది. ఆయిలు చిక్కబడితే ఆ తుంపర పైదాకా పోదు. గోడలు ఎండుతాయి. వాటికి 40 కంటే పైకి పోవడం చేతులారా చేసుకునే నష్టం.

తొంభై గేరాయిలు సంగతి

‘40 కంటే 50 చిక్కన, 90 అయితే ఇంకా రెట్టింపు చిక్కన’ అనుకుని గేరాయిలు కలిపేవాళ్లున్నారు. ఇది తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు. గేరాయిలు అంకెలు వేరే కొలమానంలోవి. 90 గేరాయిలు 100 డిగ్రీల దగ్గర 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ ఉంటుంది. పైన ఇచ్చిన అంకెలతో పోల్చండి. 40, 50 ఇంజనాయిలు ఎంత చిక్కనో ఇదీ ఇంచుమించు అంతే. అంటే మీరు ఆశించిన చిక్కదనం కూడా రాలేదు.

వచ్చిందల్లా కీడు. పళ్లు పళ్లు రాసుకునే గేర్ల కోసం అందులో గంధకం, భాస్వరం కలిసిన మందులు వేస్తారు. ఇంజను వేడికి అవి రాగి కలిసిన బేరింగులను తినేస్తాయి. మసి కడిగే మందు మాత్రం అందులో ఉండదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది. గేరాయిలు గేరుబాక్సుకే.

పత్తి రైతుకు తెలిసిన పాఠమే

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతుకు ఇది కొత్త పాఠం కాదు. 1987లో శనగపచ్చ పురుగు చావలేదు. మోతాదు పెంచాం, రెండు మందులు కలిపి కొట్టాం, రెండు రోజులకోసారి కొట్టాం. పురుగు పైరెథ్రాయిడ్ మందులను తట్టుకునే శక్తి తెచ్చుకుందని తరవాత తేలింది. అప్పటికి అప్పులు నెత్తి మీదికొచ్చాయి, రైతుల ఆత్మహత్యల దాకా పోయింది. రోగం ఒకటైతే మందు మరొకటి పెంచుతూ పోతే ఏమవుతుందో ఈ నేలకు తెలుసు. ఇంజనుతో పోయేది ప్రాణం కాదు గానీ, లెక్క మాత్రం అదే. పొగకు కారణం వెతక్కుండా గ్రేడు పెంచుకుంటూ పోవడం, పురుగు ఏమిటో చూడకుండా మోతాదు పెంచడం లాంటిదే.

రోగాన్ని ఇలా పట్టండి

నీలి పొగ వస్తుంటే ఆయిలు కాలుతోందని అర్థం. రింగులో, లైనరో, వాల్వు గైడ్లో అరిగాయి. ఎంత కాలుతోందో కొలవండి. గుర్తు దాకా పోసి, 100 లీటర్ల డీజిలు వాడే లోపు ఎంత ఆయిలు మళ్లీ పోశారో రాసుకోండి. కొత్త ట్రాక్టరుకు భారత ప్రమాణం పెట్టిన హద్దు డీజిల్లో ఒక శాతం. పాత బండి 100 లీటర్లకు ఒక లీటరు తాగుతుంటే కంగారు పడనక్కర్లేదు. రెండు, మూడు లీటర్లు తాగుతుంటే వచ్చే వేసవిలో దాన్ని విప్పాల్సిందే.

నల్ల పొగకు ఆయిలుతో పని లేదు. ఎయిర్ క్లీనరు మూసుకుపోయి ఉండాలి, నాజిలు చెడిపోయి ఉండాలి, లేదా బండి మీద బరువు ఎక్కువై ఉండాలి. దీనికి గ్రేడు మార్చేవాళ్లు కూడా ఉన్నారు.

ఆయిలు మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే డీజిలు వచ్చి కలుస్తోంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. ఆయిలు నీళ్లలా పల్చబడుతుంది. ‘పల్చబడింది గదా’ అని చిక్కటిది కలిపితే లాభం లేదు. డీజిలు పంపునూ, నాజిలునూ చూపించి, ఆయిలంతా తీసేసి కొత్తది పొయ్యండి.

ఆయిలు మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. హెడ్డు గ్యాస్కెటు పోయి ఉండొచ్చు, లైనరు రబ్బరు రింగులు పోయి ఉండొచ్చు. కొండవీటి వాగు పొంగినప్పుడు మునిగిన ఇంజను కూడా కావచ్చు. అలాంటిదాన్ని ఒక్కసారి కూడా తిప్పకండి. ముందు ఆయిలు తీయించండి.

గేజి ముల్లు పడిపోతే మొదట గేజి పనిచేస్తుందో లేదో చూడండి. తరవాత ఆయిలు మట్టం, ఫిల్టరు, సంపులో ఉండే జల్లెడ చూడండి. జల్లెడ మురికితో మూసుకుపోయి ముల్లు పడటం పాత బండ్లలో మామూలే. అది కడిగితే తీరిపోయేదానికి గ్రేడు పెంచుకుని కూర్చోకండి. ఇవన్నీ బాగుండి, వేడెక్కాక కూడా ముల్లు లేవకపోతే బేరింగులు అరిగినట్టే.

చిక్కటిది పొయ్యక తప్పని రోజు

‘ఇవన్నీ బాగానే చెప్పావు. చేలో పత్తి ఉంది, మిరప తోట నీళ్లకు ఎదురుచూస్తోంది. ఇప్పుడు ఇంజను విప్పితే పంట సంగతేమిటి?’ అని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. నీలి పొగ వస్తూ, ఆయిలు తాగుతూ, ముల్లు మాత్రం సరిగ్గా ఉన్న ట్రాక్టరు ఇంజనుకు సీజను గడిచేదాకా 20డబ్ల్యు-50 పొయ్యొచ్చు. ఒక మెట్టు, అంతే. అంతకు మించి వద్దు. పోసిన రోజే క్యాలెండరు మీద రాసిపెట్టండి, ఏప్రిల్ ఆఖరుకు విప్పిస్తానని. జ్వరం మాత్ర వేసుకుని పనికి పోతాం, తప్పదు. ఏడాదంతా జ్వరం మాత్రతో బతకలేం గదా! చిమ్మే రకం చిన్న ఇంజన్లకు ఈ సడలింపు కూడా లేదు.

పాత బండి కొనేటప్పుడు

చిక్కటి ఆయిలు వల్ల అందరికంటే ఎక్కువ లాభపడేది ఎవరో తెలుసా? పాత బండి అమ్మేవాడు. 50 పోసి, దాంట్లో బజారులో దొరికే చిక్కబరిచే మందు ఒక సీసా కలిపితే వారం పది రోజులు పొగ ఉండదు, చప్పుడు ఉండదు. బేరం అయిపోతుంది. డబ్బులు చేతులు మారాక, మీరు మామూలు ఆయిలు పోసిన రోజున అసలు రంగు బయటపడుతుంది. అప్పు చేసి కొన్న చిన్నరైతుకు ఆ దెబ్బ నుంచి తేరుకోవడం కష్టం.

కాబట్టి కొనేటప్పుడు ఇంజను చల్లగా ఉన్న పొద్దున వేళ వెళ్లండి. చెయ్యి పెట్టి చూడండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే ముందే తిప్పి ఉంచారన్నమాట, మర్నాడు మళ్లీ రండి. డిప్‌స్టిక్ తీసి ఆయిలు వేళ్ల మధ్య రాసి చూడండి. మరీ కొత్తగా, జిగటగా ఉంటే ఏ గ్రేడు పోశారో, ఎప్పుడు పోశారో అడగండి. నాగలి కట్టి అరగంట దున్నించండి. బాగా వేడెక్కాక ఆయిలు పోసే మూత తియ్యండి. అక్కడి నుంచి పొగ గుప్పుగుప్పుమని కొడుతుంటే రింగులు పోయినట్టు. వేడి మీద, స్లో మీద ఉన్నప్పుడు గేజి ముల్లు ఎక్కడ ఉందో చూడండి. చివరగా ఒక మాట అనండి: ‘ఆయిలు నా ఖర్చుతో మార్చి, 40 పోసి ఒక పూట తిప్పి చూస్తాను. తరవాతే బేరం.’ బండి మంచిదైతే అమ్మేవాడు ఒప్పుకుంటాడు. ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

అక్షరాలే నాణ్యత

నాణ్యత చెప్పేది ‘ఎ.పి.ఐ.’ అన్న మాట పక్కన ఉండే అక్షరాలు. ‘ఎస్’తో మొదలైతే పెట్రోలు ఇంజన్లకు, ‘సి’తో మొదలైతే డీజిలు ఇంజన్లకు. పాత పుస్తకాల్లో సి.సి., సి.డి. అని కనపడతాయి. సి.డి. తరగతి 1955 నాటిది. తరవాత 1990లో సి.ఎఫ్-4, 1998లో సి.హెచ్-4, 2002లో సి.ఐ-4 వచ్చాయి. పుస్తకంలో సి.డి. అని ఉన్నా సి.ఐ-4 పొయ్యొచ్చు. పాత తరగతుల బదులు వాడటానికి పనికొచ్చేలాగే దాన్ని చేశారు. గ్రేడు పెంచాలన్న సరదా ఉంటే ఈ అక్షరంలో పెంచండి. ఆ డబ్బు వృథా కాదు.

ఒక జాగ్రత్త ఉంది. ఏళ్ల తరబడి నాసి ఆయిలుతో నడిచిన ఇంజనులో అడుగున తారులా మురికి పేరుకుని ఉంటుంది. మంచి ఆయిలు దాన్ని కడిగి కదిలిస్తుంది. అందుకని మొదటిసారి మార్చినప్పుడు సంపు విప్పి తుడిపించండి, ఫిల్టరు మార్చండి. ఆ మొదటి ఆయిలును 50 గంటలకే తీసేసి మళ్లీ కొత్తది పొయ్యండి. ‘కొత్త ఆయిలు పోస్తే లీకులు మొదలయ్యాయి’ అని నింద వేస్తారు. మురికి అడ్డం పడి ఆగిన లీకులు అవి. సీలు మార్చించుకోవడమే పద్ధతి.

డీజిలూ మారింది. 1990ల మొదట్లో డీజిల్లో గంధకం ఒక శాతం దాకా ఉండొచ్చన్నది మన ప్రమాణం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమ్మే డీజిల్లో పది లక్షల పాళ్లకు 10 పాళ్లే. గంధకం కాలి పుట్టే ఆమ్లం బాధ బాగా తగ్గింది. అలాగని ఆయిలు మార్చే గడువు పెంచుకోకండి. మన దుమ్ము తగ్గలేదు, ఇంజను మసి తగ్గలేదు.

అసలు శత్రువు దుమ్ము

నల్లరేగడి ఎండాకాలం దున్నినప్పుడు లేచే దుమ్ము మీకు చెప్పక్కర్లేదు. ఆ దుమ్ము చిటికెడు లోపలికి పోతే, అది ఆయిలుతో కలిసి లైనరును గరుకు కాగితంలా రుద్దుతుంది. ఏ గ్రేడూ దాన్ని ఆపలేదు. పాత బండ్లకు ఉండేది ఆయిలు గిన్నె ఉండే ఎయిర్ క్లీనరు. దున్నే రోజుల్లో ఆ గిన్నెను ప్రతి రోజూ విప్పి చూడండి. అడుగున బురద పేరుకుంటే కడిగి, గుర్తు దాకా కొత్త ఇంజనాయిలు పొయ్యండి. పాత నల్లాయిలు అందులో పోసి పొదుపు చేశామనుకోవద్దు. గుర్తు దాటి పోసినా ఆ ఆయిలును ఇంజను పీల్చేస్తుంది. క్లీనరుకూ ఇంజనుకూ మధ్య రబ్బరు గొట్టం చిట్లి ఉంటే దాన్ని తీగతో కట్టకండి, మార్చండి. ఆ గొట్టం ఖరీదు ఆయిలు డబ్బా కంటే తక్కువే.

గంటలు తెలియకపోతే లీటర్లు లెక్కపెట్టండి

పుస్తకం ఉంటే అందులో ఉన్న గంటలకే మార్చండి. పుస్తకం లేని పాత ట్రాక్టరుకు 200 గంటలు దాటనివ్వకండి. చిన్న ఇంజనుకు 100 గంటలు. మీటరు పాడైందంటారా? డీజిలు లెక్క చాలు. 5 హెచ్.పి. ఇంజను నిండా పనిచేస్తే గంటకు సుమారు ఒక లీటరు తాగుతుంది. అంటే 100 లీటర్లు పోస్తే ఆయిలు మార్చే వేళ అయినట్టు. 35 హెచ్.పి. ట్రాక్టరు పనిలో గంటకు మూడు, నాలుగు లీటర్లు తాగుతుంది. 600 లీటర్ల దగ్గర మార్చుకుంటే మీరు గడువు లోపలే ఉన్నట్టు. పిల్లల పాత నోటుబుక్కులో ఒక పేజీ ఇందుకు కేటాయించండి. తేదీ, డీజిలు లీటర్లు, పోసిన ఆయిలు. మూడే గళ్లు.

ఇంజను వేడిగా ఉండగానే ఆయిలు తియ్యండి, మురికి దాంతోపాటే దిగుతుంది. మట్టం చూసేది మాత్రం చదును నేల మీద, ఇంజను ఆపి పది నిమిషాలు ఆగాక. పై గుర్తు దాటి పొయ్యకండి. తీసిన నల్లాయిలు కాలువలో, బావి పక్కన పారబొయ్యకండి. డబ్బాలో పోసి పాతాయిలు కొనేవాళ్లకు ఇవ్వండి.

సీలు ఉన్న డబ్బానే కొనండి, విడిగా డ్రమ్ములోంచి తోడిచ్చేది వద్దు. బిల్లు మీద గ్రేడు, అక్షరం రెండూ రాయించండి. ఖాళీ డబ్బాను పాత సామాన్లవాడికి వేసేముందు మేకుతో అడుగున బెజ్జం పెట్టండి. మీ డబ్బాలోనే కల్తీ ఆయిలు మళ్లీ మీ ఊరికి రాకుండా ఉంటుంది.

తైవాన్ స్ప్రేయర్లు వాడేవాళ్లకు ఒక మాట. టూ స్ట్రోకు ఇంజనుకు సంపు ఉండదు, ఆయిలు పెట్రోల్లోనే కలుస్తుంది. దానికి టూటీ ఆయిలే వాడాలి. ట్రాక్టరు ఆయిలు మిగిలింది గదా అని పొయ్యకండి. కంపెనీ 25కి ఒకటి అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 50కి ఒకటి అంటే 20.

ప్రభుత్వం చెయ్యాల్సింది

పురుగుమందు ఏది కొట్టాలో చెప్పేవాళ్లు ఊళ్లో ఉన్నారు. ఇంజనులో ఏ ఆయిలు పొయ్యాలో చెప్పేవాళ్లు లేరు. పాత ఇంజను ఆగితే పోయేదీ పంటే గదా! 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలైన చోట ఏటా మే నెలలో ఒక్క రోజు ఇంజన్ల మేళా పెట్టొచ్చు. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. మన జిల్లాలోనే లాం ఫారం ఉంది. వ్యవసాయ యంత్రాల పరీక్షలకూ, రైతుల శిక్షణకూ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర సంస్థే ఉంది. అక్కడి చదువు ఊరి దాకా రావాలి. పాత మోడళ్లకు ఏ గ్రేడు, ఏ అక్షరం, ఎన్ని గంటలు అన్నది ఒక్క కాగితం మీద తెలుగులో అచ్చేసి ప్రతి కేంద్రం గోడకు అంటిస్తే చాలు. దీనికి సబ్సిడీ అక్కర్లేదు. మనమూ గ్రామసభలో అడగాలి. అడగనిదే అమ్మయినా పెట్టదు.

మిరప కోతలు అయిపోయి, పత్తి మోళ్లు పీకేశాక, రోహిణి కార్తె వచ్చేలోపు మన చేతిలో నెల రోజులుంటాయి. ఇంజనును చూసుకోవాల్సింది ఆ నెలలోనే. 100 లీటర్ల డీజిలుకు ఎంత ఆయిలు తాగుతోందో ఈ సీజను నుంచే రాయడం మొదలుపెట్టండి. ఆ అంకె చేతిలో పెట్టుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్లండి. ‘చిక్కటిది పొయ్యి’ అంటే ‘ఎందుకు తాగుతోందో ముందు చెప్పు’ అని అడగండి. మృగశిర తొలకరికి మీ బండి 40 గ్రేడుతోనే, పొగ లేకుండా చేలో దిగాలి.